చిమ్నీ నీడలో వంటిల్లు

*కరెంటు పుట్టే ఊళ్లో కట్టెల పొయ్యి ఎందుకు ఆరలేదు? గ్యాస్ వదిలి కరెంటు పొయ్యికి మారమంటున్న సర్కారు విధానాలు చెల్పూర్ గడపలో ఏ లెక్క దగ్గర ఆగిపోతున్నాయి?*

పరకాల దాటి భూపాలపల్లి వైపు వస్తుంటే ఊరి బోర్డు కంటే ముందు చిమ్నీలే కనబడతాయి. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చిమ్నీల మీది ఎర్రలైట్లు వెలుగుతూనే ఉన్నాయి. రోడ్డు మీద పట్టాలు కప్పిన బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే ఒక ఇంటి వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి. అందులో పత్తికట్టె చిటపటమంటోంది. మసిబారిన పెద్ద సిల్వర్ గంజులో ఇంటిల్లిపాది స్నానాలకు నీళ్లు కాగుతున్నాయి. అవ్వ ఊదుగొట్టం పక్కన పెట్టి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. లోపల కోడలు గ్యాస్ పొయ్యి మీద చాయ్ పెట్టింది. గూట్లో కరెంటు కుక్కర్‌లో అన్నం ఉడుకుతోంది. ఒకటే ఇల్లు, ఒకటే పూట, మూడు ఇంధనాలు.

ఇంత దగ్గర్లో కరెంటు పుడుతుంటే ఇంకా కట్టెలెందుకని అడిగితే అవ్వ నింపాదిగా చెప్పింది. "చేనుకాడ పత్తికట్టె ఊకెనే దొరుకుతది బిడ్డా. నీళ్లు కాగవెట్టుటానికి గుడ గ్యాసు వాడితె బండ నెల రోజులు రాదు." మరి కరెంటు పొయ్యి? ఆ మాటకు జవాబు లోపలి నుంచి కోడలు ఇచ్చింది. "అది పెడితె రెండొందలు దాటుతదేమో అన్నా. దాటితె బిల్లు మొత్తం మనమే కట్టాలె."

ఇళ్లలో, హోటళ్లలో, బడుల్లో, ఆస్పత్రుల్లో బొగ్గు, గ్యాస్, కిరోసిన్ లాంటి ఇంధనాలు మానేసి అన్నిటికీ కరెంటే వాడాలన్నది ఇవాళ ప్రపంచమంతా నడుస్తున్న చర్చ. చలిదేశాల్లో ఆ చర్చ ఇల్లు వెచ్చబెట్టుకోవడం చుట్టూ తిరుగుతుంది. మనకు ఆ అవసరం లేదు. మన దగ్గర అది వంటింటి ప్రశ్న, ఆ తర్వాత స్నానాల నీళ్ల ప్రశ్న. జవాబులో సగం అవ్వ మాటలో ఉంది, మిగతా సగం కోడలి మాటలో ఉంది.

ఊరి పేరు మీద వెలుగు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలంలోని చెల్పూర్‌ను బయటి ప్రపంచం గుర్తుపట్టేది కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంతోనే. అందరూ కేటీపీపీ అంటారు. 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో ఉత్పత్తి మొదలుపెట్టాయి. పక్కనే సింగరేణి భూపాలపల్లి గనులు. బొగ్గు తవ్వేది ఇక్కడే, కాల్చేదీ ఇక్కడే. రెండు యూనిట్లూ పూర్తి స్థాయిలో నడిస్తే గంటకు 11 లక్షల యూనిట్లు పుడతాయి. వంట లెక్కలో చూస్తే దాదాపు ఎనిమిదిన్నర వేల గ్యాస్ బండలు చేసే పని అది.

అంత కరెంటూ హైటెన్షన్ తీగల మీదుగా రాష్ట్రమంతా పోతుంది. ఊరి ఇళ్లకు మాత్రం అందరికీ వచ్చినట్టే హన్మకొండ కేంద్రంగా పనిచేసే ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) నుంచి, ఊళ్లోని ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా వస్తుంది. ప్లాంటు పక్కన ఉన్నంత మాత్రాన వోల్టేజీ ఎక్కువ రాదు, ధర తగ్గదు. పక్కనున్నందుకు ప్రత్యేకంగా దక్కేది బూడిద. ఆ సంగతికి తర్వాత వద్దాం.

మూడు దిక్కులకు లాగుతున్న విధానాలు

కరెంటు వంట గురించి ఢిల్లీ నుంచి గట్టిగా మాట వినిపించింది 2021 ఫిబ్రవరిలో. 'గో ఎలక్ట్రిక్' ప్రచారం మొదలైన వేదిక మీద కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ, గ్యాస్‌కు సబ్సిడీ ఇచ్చే బదులు కరెంటు వంట పరికరాలు కొనుక్కోవడానికి ఎందుకు ఇవ్వకూడదని అడిగారు. 2023 నవంబర్‌లో ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ జాతీయ సమర్థ వంట కార్యక్రమం ప్రకటించింది. 20 లక్షల ఇండక్షన్ పొయ్యిలను పెద్దమొత్తంలో కొని, తక్కువ ధరకు జనానికి అందించాలన్నది లక్ష్యం. ఎల్ఈడీ బల్బులకు పనికొచ్చిన పద్ధతే ఇది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. వందల రూపాయల బల్బు సామాన్యుడి చేతికందే ధరకు దిగింది.

అదే కేంద్ర ప్రభుత్వం ఇంకో చేత్తో గ్యాస్‌ను ముందుకు నెడుతోంది. 2016 మే 1న బలియాలో మొదలైన ఉజ్వల యోజన కింద ఇచ్చిన కనెక్షన్లు పది కోట్లు దాటాయి. 2025 ఆగస్టులో ఉజ్వల సబ్సిడీకి 12 వేల కోట్ల రూపాయలు, నష్టానికి గ్యాస్ అమ్మిన చమురు కంపెనీలకు 30 వేల కోట్లు ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం ఒకే రోజు ఒప్పుకుంది. మూడో దారి పైపు గ్యాస్. 2018లో తొమ్మిదో విడత వేలం జరిగింది. జనగామ, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, వరంగల్ జిల్లాలను ఒకే ప్రాంతంగా కలిపి ఇంటింటికీ పైపు గ్యాస్ వేసే హక్కు ఇచ్చారు.

అంటే చెల్పూర్ వంటింటికి సర్కారు బండ ఇస్తానంటోంది, పైపు వేస్తానంటోంది, ఇండక్షన్ పొయ్యి కొనుక్కోమంటోంది. మొదటి రెండూ పెట్రోలియం శాఖవి, మూడోది విద్యుత్ శాఖది. ఏ ఇంట్లో ఏది ముందు, ఏది తర్వాత అన్నది కలిసి కూర్చుని తేల్చిన దాఖలా కనిపించదు. గ్యాస్ వల్ల ఆడవాళ్లకు జరిగిన మేలు చాలా పెద్దది, దాన్ని తక్కువ చేయడం తప్పు. కాకపోతే మనం వాడే వంటగ్యాస్‌లో దాదాపు అరవై శాతం దిగుమతే. అందులోనూ సింహభాగం గల్ఫ్ నుంచి హోర్ముజ్ జలసంధి మీదుగా రావాలి. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ మధ్య బాంబులు పడిన రోజుల్లో ఆ జలసంధి మూసేస్తారేమోనన్న భయం మన వంటిళ్లకు సంబంధించిన భయమే.

> దీపం నుంచి మహాలక్ష్మి దాకా
>
> ● 1999 జులై: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం. డ్వాక్రా సంఘాల మహిళలకు గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. కనెక్షన్ వచ్చినా బండ నింపించుకునే స్తోమత లేక చాలామంది కట్టెలే వాడారని తర్వాతి అధ్యయనాల్లో తేలింది.
>
> ● 2016 మే: కేంద్రం ఉజ్వల యోజన.
>
> ● 2024 ఫిబ్రవరి 27: తెలంగాణలో మహాలక్ష్మి కింద 500 రూపాయలకే బండ. అదే రోజు గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు.
>
> ● 2024 నవంబర్: ఆంధ్రప్రదేశ్‌లో దీపం-2 అమలు. ఏడాదికి మూడు బండలు ఉచితం.

వరంగల్ పొగకు కొలత

పొగతో కళ్లు మండుతాయని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. ఎంత పొగ పీలుస్తున్నారో తెలియాలంటే మాత్రం కొలవాలి. ఆ పని జరిగింది మన జిల్లాలోనే. చెల్పూర్ వరంగల్ జిల్లాలో ఉన్న రోజుల్లో పరిశోధకురాలు కల్పనా బాలకృష్ణన్ బృందం వరంగల్, నిజామాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని 420 ఇళ్లలో గాలిని కొలిచింది. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని నుసి, ఇరవై నాలుగు గంటల సగటున, గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా పోయింది. ఒకటికి పదింతలు. ఆ గాలి పీల్చేది ముఖ్యంగా వండే ఆడమనిషి, ఆమె చంకలోని పసిపిల్ల, పొయ్యి దగ్గర చలి కాచుకునే ముసలివాళ్లు.

ఇరవై ఏళ్లలో చాలా మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో పదింట తొమ్మిది ఇళ్లు వంటకు ప్రధానంగా గ్యాస్ లాంటి శుభ్రమైన ఇంధనమే వాడుతున్నాయి. ఆ 'ప్రధానంగా' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. స్నానాల నీళ్లు, పశువుల కుడితి, పండగకు పిండివంటలు, చుట్టాలొస్తే పెద్ద గంజులో వండే కూర సర్వే లెక్కకు అందవు. అవి వాకిట్లోని మూడు రాళ్ల మీదే అవుతున్నాయి. పత్తి ఏరడం అయిపోయాక చేను నిండా కట్టెలే. అవి కొనాల్సిన పని లేదు, బుక్ చేయాల్సిన పని లేదు. అవ్వ లెక్కను ఏ ప్రచారమూ మార్చలేదు. ఆ నీళ్లకు ఒక్క పైసా పడని ఇంకో దారి చూపితేనే మారుతుంది.

రెండొందలో యూనిట్ దగ్గర

ఇప్పుడు కోడలి లెక్క. గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. 200 దాటితే ఆ నెల మినహాయింపు ఏమీ ఉండదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. 2022లో సవరించిన ధరల్లో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల చొప్పున, ఆపైన 7 రూపాయల 70 పైసల చొప్పున పడుతుంది. 200 యూనిట్లు కాలిస్తే సున్నా. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు, దానికి తోడు స్థిర చార్జీలు. ఒక్క యూనిట్ తేడాకు వెయ్యి రూపాయల పైన. అంచు మీద నిలబడినవాళ్లు ముందుకు అడుగెయ్యరు.

ఊళ్లో మామూలు ఇల్లు ఎంత కాలుస్తుంది? రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, టీవీ, ఫ్రిజ్, కుక్కర్. ఎండాకాలం కాని నెలల్లో వందకు కొంచెం అటూ ఇటూ అనుకుందాం. నలుగురున్న ఇంట్లో వంటంతా ఇండక్షన్ మీద చేస్తే నెలకు ఇంకో 85 యూనిట్లు అవుతుంది. అంటే మొత్తం 190 దగ్గర ఆగుతుంది. అలాంటి ఇంటికి కరెంటు వంట ఇప్పటికే ఉచితం. ఆ సంగతి ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు! పథకం రాసినవాళ్లు కూడా దీన్ని ఉద్దేశించి రాయలేదు. పక్కనే మహాలక్ష్మి కింద అదే ఇంటి గ్యాస్ బండకు ప్రభుత్వం డబ్బు వేస్తోంది. ఒకే రోజు మొదలైన ఈ రెండు పథకాలూ ఒకే వంటింట్లో ఉన్నాయి గానీ ఒకదాన్నొకటి చూసుకోలేదు.

ఏప్రిల్, మే వచ్చాయంటే కథ మారుతుంది. కూలర్ తిరుగుతుంది. ఏమీ వండకుండానే మీటరు 150 దాటుతుంది. ఆ నెలల్లో ఇండక్షన్ పెట్టిన ఇల్లు కచ్చితంగా 200 దాటుతుంది. కోడలి భయానికి కారణం అదే. దాన్ని అవగాహన లేకపోవడం అనడం అన్యాయం. రేట్ల పట్టిక చేతికివ్వకుండానే ఆ అంచు ఎక్కడుందో ఆమెకు సరిగ్గా తెలుసు.

> ఒక బండ = ఎన్ని యూనిట్లు?
>
> 14.2 కిలోల బండలో ఉండే వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం. గ్యాస్ మంటలో గిన్నెకు అందేది సుమారు 60 శాతమే, మిగతాది గిన్నె పక్కల నుంచి గాలికి పోతుంది. ఇండక్షన్‌లో 85 శాతం దాకా గిన్నెకే అందుతుంది. ఆ లెక్కన ఒక బండ వంటకు 125 నుంచి 130 యూనిట్లు చాలు.
>
> బండ నెలన్నర వచ్చే ఇంట్లో నెలకు సుమారు 85 యూనిట్లు. గృహజ్యోతి లేని ఇల్లు 200 లోపు వాడితే ఈ అదనపు యూనిట్లకు 4 రూపాయల 80 పైసల చొప్పున 400 రూపాయలకు పైగా అవుతుంది. 2025లో హైదరాబాద్ ధర 905 రూపాయలకు బండ కొంటే నెలకు 600 అవుతుంది. మహాలక్ష్మి కింద 500కు దొరికితే 330 చిల్లర.

అంటే సబ్సిడీ లేని ఇంటికి కరెంటే చవక, మహాలక్ష్మి ఇంటికి గ్యాసే చవక, 200 లోపు వాడే గృహజ్యోతి ఇంటికి కరెంటు పూర్తిగా ఉచితం. మహాలక్ష్మిలోనూ మెలిక ఉంది. ముందు పూర్తి ధర కట్టాలి, తేడా తర్వాత ఖాతాలో పడుతుంది. కూలి డబ్బులు చేతిలో లేని వారం ఆ తొమ్మిది వందల పైచిలుకు కూడబెట్టడమే కష్టం. అలాంటి వారంలోనే ఇంటి మనిషి కట్టెల మోపు ఎత్తుకునేది.

గిన్నె అడుగు, గోడ ప్లగ్గు

డబ్బు లెక్క తేలినా పని అయిపోదు. ఇండక్షన్ పొయ్యికి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవి సిల్వర్ గిన్నెలు. అయస్కాంతం వాటికి అంటదు, పొయ్యి వాటిని గుర్తించదు. అడుగు చదునుగా ఉండే స్టీలు, ఇనుప గిన్నెల సెట్టు కొనాలంటే పొయ్యి ధరకు దాదాపు సమానంగా ఖర్చు. పొయ్యి ఉచితంగా ఇచ్చే పథకాలు సాధారణంగా గిన్నెలను మరిచిపోతాయి.

ఇక వంటల సంగతి. అన్నం, పప్పు, చారు, కూర, చాయ్ ఇండక్షన్ మీద హాయిగా అవుతాయి. సర్వపిండి కాదు. కొన్ని చోట్ల తపాలచెక్క అంటారు, కొన్ని చోట్ల గిన్నెప్ప. గుండ్రటి గిన్నె లోపలి గోడకు పిండి ఒత్తి, వేళ్లతో బొక్కలు పెట్టి, నూనె పోసి, గిన్నెను తిప్పుతూ చుట్టూ మంట తగలనివ్వాలి. ఇండక్షన్ వేడి గిన్నె అడుక్కే పరిమితం, పక్కలు పచ్చిగానే ఉండిపోతాయి. జొన్నరొట్టెను పెనం మీద కాల్చినా చివర్లో మంట మీద పొంగించే అలవాటు ఉంది. రోటి పచ్చడికి వంకాయ కాల్చాలి. వీటి కోసం వారానికి రెండు మూడు సార్లు మంట కావాలి. అందుకే ఇంట్లోంచి గ్యాస్ పూర్తిగా తీసేయమనే విధానం ఇక్కడ నిలవదు. నెలకు పట్టే గ్యాస్‌లో ముప్పావు వంతును కరెంటు మీదికి తెచ్చి, బండను సర్వపిండికి, కరెంటు పోయిన పూటకు ఉంచుకోమంటే ఎవరూ కాదనరు. ఏ గిన్నె అయినా పెట్టుకోగల ఇన్‌ఫ్రారెడ్ పొయ్యిలు కూడా బజార్లో ఉన్నాయి. కరెంటు కొంచెం ఎక్కువ తాగుతాయి గానీ సిల్వర్ గిన్నెలున్న ఇంటికి అవే నయం.

గోడ వైపు చూద్దాం. ఊళ్లో పాత ఇళ్ల వంటగదుల్లో ఉండేది అయిదారు ఆంపియర్ల చిన్న సాకెట్టు, దాని వెనక బల్బులకు సరిపోయే సన్నటి వైరు. రెండు వేల వాట్ల పొయ్యి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. పది నిమిషాల్లో ప్లగ్గు వేడెక్కుతుంది, కొన్నాళ్లకు సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది, ఆ తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, సరైన ఎర్తింగ్ ఉంటేనే ఈ పొయ్యి క్షేమం. చాలా ఇళ్లకు మంజూరైన లోడే ఒక కిలోవాట్. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ అంతే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద పొద్దున ఏడింటికి యాభై ఇళ్లు ఒకేసారి రెండేసి కిలోవాట్ల పొయ్యిలు వేస్తే అది అక్కడికే నిండిపోతుంది. వోల్టేజీ మరీ పడిపోతే ఇండక్షన్ తనంతట తానే ఆగిపోతుంది. పొయ్యి మీద సగం ఉడికిన పప్పు, గేటు దగ్గర బడి బస్సు హారన్. ఒక్కసారి అలా జరిగితే ఆ పొయ్యి అటక ఎక్కుతుంది.

ఆ కరెంటు ఎక్కడిది?

ఈ కథనాన్ని హైదరాబాద్‌లో కూర్చుని రాస్తే ఈ ప్రశ్న పక్కన పెట్టేయొచ్చు. చెల్పూర్‌లో కుదరదు. ఒక యూనిట్ కరెంటుకు మన థర్మల్ కేంద్రాలు సుమారు 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కాలుస్తాయి. ఒక బండ గ్యాస్‌కు బదులు కరెంటుతో వండుకుంటే, ఆ కరెంటంతా బొగ్గుదే అనుకుంటే, 85 కిలోల బొగ్గు కావాలి. మన బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. అంటే వంటింట్లో ఒక బండ తగ్గినప్పుడల్లా పాతిక కిలోల పైన బూడిద థర్మల్ కేంద్రం పక్కన చేరుతుంది.

బొగ్గుపులుసు వాయువు లెక్క కూడా ఇంతే చేదు. ఒక బండ గ్యాస్ మండితే వెలువడేది 42 కిలోల వరకు. దేశ సగటు కరెంటుతో అదే వంట చేస్తే 90 కిలోల పైనే. ఈ రోజున్న గ్రిడ్‌తో గ్యాస్ నుంచి కరెంటుకు మారితే ఇంట్లో గాలి శుభ్రపడుతుంది, దిగుమతి తగ్గుతుంది. భూమి వేడెక్కడం మాత్రం తగ్గదు, పెరుగుతుంది. కట్టెల నుంచి కరెంటుకు మారే ఇంటికి ఆరోగ్యం రీత్యా లాభం చాలా ఎక్కువ కాబట్టి అక్కడ సందేహం అక్కర్లేదు. గ్యాస్ నుంచి మారే ఇంటి విషయంలో మాత్రం ఆ కరెంటు సూర్యుడి నుంచి వస్తోందా, చెల్పూర్ చిమ్నీ నుంచి వస్తోందా అన్నది అడిగి తీరాలి.

చిమ్నీ పొగకు నియమాలు లేకపోలేదు. థర్మల్ కేంద్రాలు గంధకపు పొగను తగ్గించే పరికరాలు పెట్టాలని 2015 డిసెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ప్రమాణాలు తెచ్చింది. గడువులు పదే పదే పొడిగించి, చివరికి 2025 జులైలో దేశంలోని అత్యధిక కేంద్రాలకు ఆ పరికరాల నుంచి మినహాయింపు ఇచ్చేసింది. ఒకవైపు ఇళ్లన్నీ కరెంటుకు మారాలని పిలుపు, ఇంకోవైపు ఆ కరెంటు పుట్టే చోట పొగ మీద సడలింపు. ఎక్కడో నగరంలోని ఫ్లాటు శుభ్రపడటానికి చెల్పూర్ వాకిళ్లలో బూడిద పెరగడం ఏ రకంగానూ న్యాయం కాదు. విద్యుదీకరణ విధానం రాసేవాళ్లు మొదటి పేజీలోనే ఈ ఊరి పేరు రాసుకోవాలి.

పరిష్కారం దిశగా కొంత కదలిక ఉంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ. బొగ్గు తవ్వే సింగరేణి కూడా తన ఏరియాల్లో సోలార్ ప్లాంట్లు పెట్టింది. చిక్కల్లా వేళలతోనే. సోలార్ కరెంటు మధ్యాహ్నం ఎక్కువ, మన వంట పొద్దున ఏడింటికీ రాత్రి ఏడింటికీ. ఇళ్లలో ఈ రెండూ కలవవు. కలిసే చోటు ఒకటుంది, బడి.

> బయటి దేశాల్లో
>
> బర్క్లీ: అమెరికాలో కొత్త భవనాలకు గ్యాస్ పైపు వేయకూడదన్న మొదటి నగరం ఇదే, 2019 జులైలో. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న శాన్‌హోసే కూడా అదే బాట పట్టింది. 2023 ఏప్రిల్‌లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు బర్క్లీ నిషేధం చెల్లదంది.
>
> విక్టోరియా: మెల్‌బోర్న్ ఉన్న ఈ ఆస్ట్రేలియా రాష్ట్రంలో ప్లానింగ్ అనుమతి అవసరమైన కొత్త ఇళ్లకు 2024 జనవరి 1 నుంచి గ్యాస్ కనెక్షన్ లేదు.
>
> నేపాల్: 2015లో భారత సరిహద్దు దగ్గర సరుకు ఆగిపోయి గ్యాస్ దొరకనప్పుడు జనం ఇండక్షన్ పొయ్యిల కోసం ఎగబడ్డారు.
>
> ఈక్వడార్: 30 లక్షల ఇళ్లకు ఇండక్షన్ అన్న లక్ష్యంతో 2014లో మొదలుపెట్టింది. చేరినవి దాదాపు నాలుగో వంతే. మారిన ఇంటికి వంట కోసం విడిగా నెలకు 80 యూనిట్లు ఉచితంగా ఇచ్చింది. గ్యాస్ ధర మాత్రం అతి చవకగానే ఉంచేసింది.

ఇంటికి ముందు బడి

బడిలో మధ్యాహ్న భోజనం వండే చోటు చూసినవాళ్లకు కరెంటు పొయ్యి అవసరం ఎవరూ చెప్పక్కర్లేదు. రేకుల షెడ్డు, రెండు పెద్ద పొయ్యిలు, మొద్దు కట్టెలు, వానాకాలంలో తడిసిన కట్టెల పొగ. వండేది ఊరి ఆడవాళ్లే, అదీ నెలల తరబడి ఆలస్యంగా వచ్చే బిల్లుల మీద. వంట జరిగేది పది నుంచి పన్నెండు మధ్య, ఎండ బాగా ఉన్న వేళ. బడి కప్పు మీద సోలార్ పలకలు, కింద పెద్ద ఇండక్షన్ పొయ్యి, ఆవిరితో వండే పాత్రలు పెడితే కట్టెలూ అక్కర్లేదు, చిమ్నీ కరెంటూ అక్కర్లేదు. రాష్ట్రంలో ఉన్న 35,700 అంగన్‌వాడీలకూ ఇదే వర్తిస్తుంది. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు రోజూ ఒక పూట భోజనం అక్కడే వండుతారు. పొగ తగలకూడని మనుషులు ఎవరైనా ఉన్నారంటే ముందు వాళ్లే.

రెండో చోటు, ఇప్పుడు కడుతున్న ఇళ్లు. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో ఇంటికి ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తోంది. కనీసం 400 చదరపు అడుగులు, అందులో వంటగది, స్నానాలగది ఉండాలని నిబంధన పెట్టింది. ఆ నిబంధనల్లో ఇంకో వాక్యం చేర్చితే చాలు. వంటగదిలో 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి మీటరు దగ్గర నుంచి విడిగా లావు వైరు. గోడ కట్టేటప్పుడు దీనికయ్యేది కొద్ది వందలు. ప్లాస్టరింగ్ అయ్యాక గోడ తవ్వి వేయాలంటే వేలు. బర్క్లీ అయినా విక్టోరియా అయినా కొత్త భవనాల దగ్గరే ఎందుకు మొదలుపెట్టాయంటే కారణం ఇదే. నిషేధం మనకు అక్కర్లేదు. గోడలో వైరు ఉంటే చాలు, ఎప్పుడు మారాలో ఇంటివాళ్లే చూసుకుంటారు.

మూడోది ఆ 200 అంచు. కరెంటు పొయ్యి పెట్టుకున్న ఇంటికి ఆ వెయ్యి రూపాయల భయం లేకుండా చేయాలి. ఈక్వడార్ ఇచ్చినట్టు వంటకంటూ నెలకు 80 యూనిట్లు విడిగా కలపొచ్చు. లేదా 200 దాటినప్పుడు దాటిన యూనిట్లకే బిల్లు వేయొచ్చు. ఖర్చు ఉంటుంది, కాదనను. 4 రూపాయల 80 పైసల లెక్కన చూస్తే ఒక బండకు సరిపడా కరెంటుకు 600 రూపాయల పైన అవుతుంది, మహాలక్ష్మిలో ఒక బండ మీద పెడుతున్నదాని కంటే ఎక్కువే. అందుకే గుడ్డిగా అందరికీ ఇవ్వడం కాదు, ఇంకా కట్టెల మీద వండుకునే ఇళ్లతో మొదలుపెట్టాలి. ఆ ఇల్లు ఆదా చేసే ఆస్పత్రి ఖర్చు ఏ డిస్కం ఖాతాలోనూ కనబడదు గనుక దాన్ని లెక్కలో చేర్చాల్సింది ప్రభుత్వమే.

ఇదంతా అడగడానికి ఒక చోటు ఉంది. డిస్కంలు ఏటా తమ ఆదాయ అవసరాల నివేదికను తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలికి సమర్పిస్తాయి. రేట్లు ఖరారు చేసే ముందు మండలి అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ పెడుతుంది. అభ్యంతరం ఎవరైనా రాసి ఇవ్వొచ్చు. వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు. రైతు సంఘాలు, పరిశ్రమల వాళ్లు అక్కడ ఏటా మాట్లాడుతూనే ఉన్నారు. వంటింటి తరఫున మాట్లాడేవాళ్లే తక్కువ. వచ్చే విచారణకు గణపురం మండలం నుంచి ఒక మహిళా సంఘం తన సభ్యుల ఏడాది కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు పట్టుకుని వెళ్లి, ఏ నెలలో ఎన్ని ఇళ్లు 200 దాటాయో చదివి వినిపిస్తే, ఆ లెక్కకు మండలి జవాబు రాయాల్సి వస్తుంది.